వాయవ్యంలో ఏసీ

మానవజాతి భవితవ్యం ఏసీని ఏ మూల బిగించాలన్న ప్రశ్నపైనే ఆధారపడి ఉంది. వేసవి మూడు నెలలూ రెంటచింతలలో మనిషి బతకలేని ఆ రోజుల్లో, జనమంతా చక్రాల ఇళ్ళతో లంబసింగి కొండెక్కేవారు. లోపలి వేడి ముప్పై డిగ్రీలు దాటిన బండిని మాత్రం కొండ కింది గేటు దగ్గరే వెనక్కి పంపాలని నియమం.

పరాంకుశం ప్లైవుడ్డు, థర్మాకోలుతో స్వహస్తాలతో నిర్మించిన బండిలో వాస్తు ప్రకారం ఆగ్నేయాన హీటరు, వాయవ్యాన ఏసీ వెలిశాయి. అయినా మూడు నెలల పసిపాప చెమటతో తడిసిపోతోంది. గేటు ముందు రోడ్డు కుడివైపు మలుపు తిరగడంతో వాయవ్యం కాస్తా ఈశాన్యమైంది. పరాంకుశం వెంటనే బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పాడు. వెనక హారన్లు హోరెత్తాయి.

“పిల్ల ఉడికిపోతుంటే దిక్కులు చూస్తారేందండీ? వెనక్కి పొమ్మంటే దీన్ని బతికించుకునేదెట్టా?” భార్య సులోచన ఏడుపు గొంతుతో అరిచింది.

“దిక్కు కుదిరితేనే చల్లబడేది. కాసేపు ఓర్చుకోవే!”

తనిఖీ ఉద్యోగిని వచ్చి లోపల ఉష్ణమాపకం పెట్టింది. ముల్లు ఇరవై ఎనిమిది చూపింది.

“పోనియ్యండి.”

పరాంకుశం వాయవ్య దిక్కుకు సాష్టాంగపడ్డాడు.

ఆ ముల్లు ఇరవై ఎనిమిది దగ్గర ఇరుక్కుపోయి అప్పటికి రెండేళ్ళు.