వాగు ఒడ్డున పళ్లెం

బల్లపరుపు రాయి మీద పళ్లెం చూడగానే దెలియాకి ఒళ్లు మండిపోయింది.

ఆ రాయి దెలియాది. పట్టా ఏమీ లేదు గానీ ఊళ్లో ఎవరూ కాదనరు. ఎన్నో ఏళ్ల కిందటి పెద్ద తుఫానులో కొట్టుకుపోయిన మూడేళ్ల కూతురు రోవెనా, మర్నాడు ఆ రాయి పక్కనున్న చెట్టు కొమ్మల్లో ప్రాణాలతో దొరికింది. మేరీమాతే ఎత్తి కూర్చోబెట్టిందని దెలియా నమ్మకం.

అప్పటినుంచి మనసు బాగోకపోతే వెదురు నీడలో ఆ రాయి మీద కూర్చుని, వాగులో కాళ్లు పెట్టుకుంటుంది. మొగుడి సణుగుడు, అతని పందెం కోళ్ల గోల కాసేపు మరిచిపోతుంది.

ఇప్పుడు రోవెనాకి నెలలు నిండాయి. సుఖంగా కాన్పు కావాలని మొక్కుకుందామని వస్తే, ఎవరో ముసలాయన ఆతాంగ్ పెట్టుకుని కూర్చున్నాడు. పోయినవాళ్లకి పెట్టే పళ్లెం అది. జిగురుబియ్యం అప్పాలు, ఉడికిన గుడ్డు, నాలుగు చాక్లెట్లు.

"ఎవరయ్యా నువ్వు?"

"కొండ అవతల ఊరమ్మా. ఏటా తెల్లారకముందే వచ్చి పోయేవాణ్ణి. ఈసారి కాళ్లు సాగలేదు."

"నా బిడ్డ బతికిన చోటిది. ఇక్కడ చచ్చినవాళ్లకి కూడు పెడతావా? బుద్ధుండక్కర్లా?"

ముసలాయన గబుక్కున తలెత్తాడు.

"చెట్టు మీద దొరికిన పాప... మీ పాపేనా? బాగుందా?"

"నీకెందుకు?"

"ఊరికే. పెళ్లయిందా?"

చావు పళ్లెం ముందు కూర్చుని, కడుపుతో ఉన్న పిల్ల గురించి ఆరా తీస్తున్నాడు. చేతబడి చేసేవాడే, సందేహం లేదు.

దెలియా పళ్లెం ఎత్తి వాగులోకి విసిరికొట్టింది.

"లేస్తావా, ఊళ్లోవాళ్లని పిలవనా?"

ఆయన మోకాలి లోతు నీళ్లలోకి దిగి, పళ్లెం ఒక్కటే తీసుకున్నాడు. అప్పాలు అప్పటికే కొట్టుకుపోయాయి.

"కోప్పడకమ్మా. ఇంక రాలేను. పాప చల్లగా ఉండాలి."

కాలీడ్చుకుంటూ గట్టెక్కి వెళ్లిపోయాడు.

దెలియా ఈ ఘనకార్యమంతా కొట్టు నడిపే ముసలమ్మ సిమియోనాకి పూసగుచ్చినట్టు చెప్పింది. ముసలమ్మ ముఖం పాలిపోయింది.

"కాలీడుస్తూ నడిచేవాడేనా?"

"ఆ, వాడే."

"ఎలాదియోని తరిమావటే, పాపిష్టిదానా? నీ కూతుర్ని చెట్టెక్కించింది వాడే."

"మేరీమాత కదా..."

"మాత పంపిందేమో. నీళ్లలోంచి లాగింది మాత్రం వాడు. పొద్దున్నే నన్ను కేకేసి, పిల్లని చూపించి పోయాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. తెలిస్తే ఆ ఋణం పిల్ల మెడకి చుట్టుకుంటుందన్నాడు."

రోడ్డు మీద కొండ అవతలికి పోయే జీపు కదిలిన చప్పుడు. దెలియా పరిగెత్తబోయింది. ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ చీకట్లో, ఆ వానలో, చేతికందిన పిల్లని గుండెలకి కట్టుకుని, తెల్లవార్లూ కొమ్మ పట్టుకు వేలాడాడు. 'భయం లేదు లూసింగ్ తల్లీ, నాన్న పట్టుకున్నాడు' అంటూనే ఉన్నాడట."

ముసలమ్మ అప్పుడు చెయ్యి వదిలింది.

"తెల్లారాక చూసుకుంటే, అది వాడి లూసింగ్ కాదే, నీ రోవెనా."