తిరుగు టికెట్టు

అమ్మ ఆపరేషన్‌కి దూరపు ఊళ్లో పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి, ఫోన్‌లో విమానం టికెట్లు నేనే తీస్తున్నాను.

"ముగ్గురికీ రానూపోనూ చవకవి చూడమ్మా. రద్దు చేస్తే డబ్బులు రాకపోయినా పర్లేదు, ఎటూ వెళ్లొచ్చేదేగా!" అన్నాడు నాన్న.

అలాగే తీశాను, ఒక్కటి తప్ప.

అమ్మ ఫోన్‌లోకి తొంగిచూసింది. "వచ్చేటప్పుడు నాదొక్కటే అంత ఎక్కువేంటే? నేనేమన్నా మహారాణినా?"

"కిటికీ సీటమ్మా."

ఆసుపత్రి రిపోర్టు కూడా నేనే చదివాను. చిన్న గడ్డే, భయం లేదని రాశారని ఇద్దరికీ చెప్పాను. అందులో అలా లేదు. అందుకే అమ్మ తిరుగు టికెట్టు మాత్రం, రద్దు చేస్తే డబ్బు వెనక్కొచ్చేది తీశాను.

"పోన్లే," అంది అమ్మ. "నొప్పీ గిప్పీ లేకుండా మబ్బులు చూస్తూ వచ్చేస్తా."