గ్రిల్‌లో గుడ్డముక్క

డ్రైవర్లు లేని కార్లు తమంతట తామే వచ్చి కడిగించుకునే రోజులవి. ఆ ఉదయం గాజువాకలోని షెడ్డుకు వచ్చిన తెల్లకారు ముందు గ్రిల్‌ను నూకరత్నం పాత టూత్‌బ్రష్‌తో తోముతోంది. నల్లటి పట్టీల మధ్య నుంచి బురదతో పాటు నారింజ రంగు గుడ్డముక్క ఊడివచ్చింది. దాని మీద మెరిసే చార ఉంది. అది రోడ్లూడ్చేవాళ్లు వేసుకునే కోటు గుడ్డ.

ఆమె చేయి ఆగిపోయింది.

"దేన్ని గుద్దీసినావు?" అని కారును అడిగింది.

"ఐదున్నరకు శ్రీహరిపురం మలుపులో ఏదో మూట తగిలింది," అంది కారు మామూలు గొంతుతో. "ఎనిమిదింటికి మా సార్‌ని ఎక్కించుకోవాలి. త్వరగా కానివ్వండి."

అప్పటికే ఏడు దాటింది. నూకరత్నం బ్రష్ పడేసి, తలుపు తీసి లోపల కూర్చుంది.

"కడగడం పూర్తి కాలేదు," అంది కారు.

"అయిందని నేను బటన్ నొక్కితేనే కదా నువ్వు మీ సారు కాడికి ఎల్లగలవు. ముందు నన్ను ఆ మూట కాడికి తీసుకెల్లు."

కారు కదిలింది.

మలుపులో రోడ్డు దిగువన, తుప్పల మధ్య చిరిగిన నారింజ కోటుతో ఒక ముసలామె పడి ఉంది. కాలు విరిగింది. నూకరత్నం పరుగున దిగి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

"సెయ్యూపుతానే ఉన్నానమ్మా," అంది ముసలామె నీరసంగా. "ఎన్నో కార్లు ఎల్లిపోనాయి. ఒక్కటీ ఆగనేదు."

నూకరత్నం ఆమెను మెల్లగా ఎత్తి వెనకసీటులో పడుకోబెట్టింది.

"సీటు మురికవుతుంది," అంది కారు.

"కడిగేది నేనే. ఆస్పత్రికి పద."

కారు బయలుదేరింది. ముసలామె నూకరత్నం వేళ్లను గట్టిగా పట్టుకుంది.