నాలుగు రోజుల ముసలి బీరువా

షాపు ఓనరు బావమరిది ఇనప గొలుసు పైకెత్తి కొత్త చెక్క బీరువాని ఎడాపెడా బాదుతున్నాడు.

"అదేం తప్పు చేసింది నాయనా?"

గుమ్మంలో ఎవరో పెద్దాయన. చొక్కా మోచేతుల దగ్గర చిరిగింది. చెప్పులు అరిగి అప్పడాలైపోయాయి.

"పాతది చేస్తున్నాం," అన్నాడు బావమరిది రొప్పుతూ. "దెబ్బలు తింటేనే వయసొస్తుంది."

షాపు ఓనరు తల కూడా తిప్పలేదు. ఆయనకి మధ్యాహ్నం దాకానే గడువు. కొత్త హోటల్ పెడుతున్న మేడమ్ తన ఇంటి పాత బీరువా ఒకటి నమూనాకి పంపింది. ఇదీ అచ్చం అలాగే ఉంటే నలభై బీరువాల పని. లేకపోతే షాపు మూతే.

కింద ముదురు గోధుమరంగు, దానిమీద మైనం, ఆపైన లేత ఆకుపచ్చ. మైనం రాసినచోట గరుకు కాగితంతో రుద్దితే పచ్చరంగు లేచిపోయి కింది రంగు తొంగిచూస్తుంది. ఓనరు నాలుగంచులూ సమానంగా రుద్దాడు. స్కేలు పెట్టి మరీ.

"ఈ ఇంట్లో ఎంతమంది?" పెద్దాయన లోపలికొచ్చి అడిగాడు.

"ఏ ఇంట్లో?"

"ఈ బీరువా ఉన్న ఇంట్లో."

ఓనరు పగలబడి నవ్వాడు. "ఇది పుట్టి నాలుగు రోజులండీ! దీనికి కాపురమెక్కడిది?"

"మనమే కల్పించాలి బాబూ. ఇల్లాలిది ఎడమచేతివాటం అనుకో, అరుగుదల ఇటువైపే. అత్తగారు మిఠాయి దాచే అర ఉందనుకో, ముందు దాని అంచే పోతుంది. ఇక ఎలకలంటావా, కాళ్ల దగ్గర కొరుకుతాయి గానీ నిచ్చెనేసుకుని పైకెక్కవు."

ఎలక కొరికినట్టు చెక్కిన గాట్లన్నీ తలుపు నెత్తిన ఉన్నాయి. బావమరిది ఉలి వెనక్కి దాచుకున్నాడు.

"బావా, ఆయన చెప్పింది నిజమే..."

"నోర్ముయ్! వంగి చెక్కడానికి బద్ధకమేసి పైన చెక్కింది నువ్వు కాదూ?"

"నేనొచ్చిన పనేంటంటే..." అన్నాడు పెద్దాయన.

"పని లేదు. ఎవరికీ లేదు. వెళ్లండి."

"అది కాదు బాబూ, నన్ను..."

"చెప్పక్కర్లేదు! వెలుతురుకి అడ్డు తప్పుకోండి ముందు."

కొత్త చెక్కకి ముసలితనం పూసి అమ్ముకునేవాడికి నిజంగా అరిగిపోయిన మనిషి కనిపిస్తే ఒళ్లుమంట!

పెద్దాయన రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఇంకో బీరువాల షాపు మెట్లెక్కాడు. అక్కడి ఓనరు కుర్చీ వేశాడు. మంచినీళ్లిచ్చాడు. కాసేపటికి గరుకు కాగితం కూడా చేతిలో పెట్టాడు.

"హమ్మయ్య, శని వాడి నెత్తికెక్కింది," అని ఈ ఓనరు చేతులు దులుపుకున్నాడు.

మధ్యాహ్నం మేడమ్ వచ్చింది. కొత్త బీరువా చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏంటిది, గజ్జి పట్టినట్టుంది?"

"మీ బీరువాకి వందేళ్లమ్మా!" అన్నాడు ఓనరు. "కాలం చేసిన పని నాలుగు రోజుల్లో మావల్ల అవుతుందా, మీరే చెప్పండి!"

"వందేళ్లేంటండీ? నేను కాలేజీలో ఉండగా మావాళ్లు చేయించారు దాన్ని. ఒకాయన మా వసారాలో కూర్చుని వారం రోజుల్లో ముసలిదాన్ని చేసి ఇచ్చాడు."

ఓనరు బీరువాకి ఆనుకున్నాడు. పచ్చరంగు పొడి చొక్కాకి అంటుకుంది.

మేడమ్ గుమ్మం వైపు చూస్తూ అడిగింది.

"ఏ షాపు నచ్చితే ఆ షాపుకే నలభై బీరువాలూ ఇవ్వమని చెప్పి, పొద్దున ఆయన్నే ముందు మీ దగ్గరికి పంపానే, ఇంకా రాలేదా?"