రోజుకో అబద్ధం

ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. ఉందని తేలితే మీసం తీయించేసుకుంటాను, పందెం!

"ఇవాళ్టి నుంచి క్లాసులో రోజుకొక్క అబద్ధం చెబుతాను. పట్టుకున్నవాళ్ళకి అయిదు మార్కులు," అన్నాడు సర్జరీ ప్రొఫెసరు, రోగి మంచం పక్కన నిలబడి. 'మీ క్లాసులో పిల్లలు నోరెత్తరేం?' అని ప్రిన్సిపాల్ చీవాట్లు పెట్టాక ఆయనకు తట్టిన ఉపాయం అది. చుట్టూ ఎనిమిది మంది మెడికల్ విద్యార్థులు బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడ్డారు. ఆయన్ను వాళ్ళు పులి అంటారు. పులి నవ్వినా కనిపించేవి కోరలే కదా!

"ఈ పెద్దాయనకి ఎడమ కిడ్నీ పూర్తిగా చెడిపోయింది. ఇంకో గంటలో తీసేస్తున్నాం. థియేటరుకి చీటీ కూడా పంపేశాను. సందేహాలున్నాయా?"

ఎవరికీ లేవు.

"నచ్చకపోతే మళ్ళీ పెట్టేస్తారా బాబూ?" అన్నాడు మంచం మీది పెద్దాయన.

చివర నిలబడ్డ అమ్మాయి మాత్రం స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. పొద్దున పెద్దాయనను పరీక్షించి కేసు రాసింది తనే.

"ఏమ్మా, ఉక్కపోస్తోందా? విసురుకుంటున్నావు?"

పక్కవాడు ఆమె కోటు లాగాడు. "ఊరుకోవే, తిట్లు తింటావు."

"సార్... అబద్ధం దొరికింది." ఫిల్మును ముందుకు చాపింది. "చెడిపోయింది కుడిది సార్. ఎడమది నిక్షేపంలా ఉంది."

ప్రొఫెసరు ఫిల్ము లాక్కుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత వార్డు ఫోను దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు.

"థియేటరా? నేను పంపిన చీటీ చించెయ్యండి. అవును, ఇప్పుడే! కొత్తది తెస్తున్నా."

తిరిగొచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అయిదు మార్కులూ నావేనా సార్?"

"నీవేనమ్మా. కానీ... ఇవాళ్టి అబద్ధం నేనింకా చెప్పనేలేదు."

పందెం ఓడిపోయాను. ఫర్వాలేదు, నాకు మీసమే లేదు. ఆ ఆఖరి మాట నేను కల్పించింది. నిజంగా ఆయన చెమట తుడుచుకుని, అందరికీ వినపడేలా అన్నది ఇదీ: "శభాష్! నా అబద్ధం భలే పట్టేశావే!"