చెడింది మద్దెలే

“దొరికింది సార్! తప్పు నాదే,” అంది ప్రోగ్రామరమ్మాయి, టీమ్ లీడర్ తన కుర్చీ దగ్గరికి రాగానే.

అతను వచ్చింది వేరే మాట చెప్పడానికి. ప్రోగ్రాం ఉన్నట్టుండి కుప్పకూలడానికి కారణం ఆపరేటింగ్ సిస్టంలోని మెమరీ లోపమేనని, దాన్ని తయారుచేసినవాళ్లే ఇప్పుడు ఒప్పుకున్నారు. ఆమె మొదట్లోనే ఆ మాటంటే, “ఆడలేక మద్దెల ఓడన్నదట!” అని అందరి ముందూ ఎగతాళి చేసింది తనే.

“ఏదమ్మా ఆ తప్పు?”

ఆమె చూపించిన చోట ఏ తప్పూ లేదు. బంగారంలాంటి కోడ్‌ని చేతులారా చెరిపేసుకుంది.

“నీ తప్పేం లేదమ్మా. చెడింది మద్దెలే.”

“నేను బాధపడతానని అలా అంటున్నారు సార్,” అందామె తలెత్తకుండానే. “ఇంకా ఎక్కడెక్కడ తప్పు చేశానో వెతుకుతున్నా.”