పిల్లల గది తెరిచే రోజు

"బుధవారానికి నీ కొడుకు ఇక్కడ ఉండాలి," అంది రోక్సానా. ఆమె ఆ బట్టల ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు.

మర్జినా కుట్టు మిషను ఆపలేదు. చొక్కా కాలరు చివరిదాకా కుట్టి, దారం కత్తిరించి, అప్పుడు తలెత్తింది.

"వాడు కురిగ్రామ్‌లో మా అమ్మ దగ్గరున్నాడు ఆపా." ఆపా అంటే వాళ్ల భాషలో అక్క.

"తెలుసు. మీ అమ్మనే తీసుకురమ్మను. బస్సు ఛార్జీలు ఆఫీసు ఇస్తుంది. మన బట్టలు కొనే కంపెనీ నుంచి తనిఖీకి వస్తున్నారు. ఉయ్యాలలు ఎనిమిదున్నాయి, పిల్లలు ఏడుగురే దొరికారు."

నలభై మంది ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలని అక్కడి చట్టం. ఢాకా దగ్గర్లోని ఆ గాజీపూర్ ఫ్యాక్టరీలో పన్నెండు వందల మంది ఉన్నారు. గది కూడా ఉంది. కింది అంతస్తులో, గోడల మీద ఏనుగు బొమ్మలు, పాలిచ్చే తల్లుల కోసం ఒక మూల తెర. తలుపుకు తాళం.

"ఒక్క రోజు కోసం పసివాణ్ని పది గంటలు బస్సులో తిప్పాలా?"

"నీ కొడుకేమన్నా నవాబా?"

పక్క మిషను మీద సొఖినా నవ్వింది. "నవాబే ఆపా. ఏనుగులున్న ఇంటికి రమ్మంటున్నారు కదా."

మర్జినా నవ్వలేదు. "అయితే ఆదివారమే రప్పించండి. ఆ గదిలో నాలుగు రోజులు ఉంచండి. అలవాటు లేకపోతే వాళ్ల ముందే ఏడుస్తాడు. అప్పుడు మీకే మాట వస్తుంది."

"నాలుగు రోజులకి ఆయాను ఎక్కణ్నుంచి తేను?"

"పోనీ మూడు."

"ఇదేం చేపల బజారు కాదు మర్జినా. మంగళవారం దిగాలి, గురువారం పొద్దున బస్సెక్కాలి."

"శుక్రవారం సెలవే కదా ఆపా. ఆ ఒక్క రోజు నా దగ్గర ఉంచుకుని సాయంత్రం పంపిస్తాను."

"టిక్కెట్లు తీసేశాం," అంది రోక్సానా, పక్క వరుసలోకి వెళ్తూ.

మంగళవారం ఓవర్‌టైము పడింది. మర్జినా ఇల్లు చేరేసరికి కొడుకు సజీబ్, అమ్మమ్మ పక్కన నిద్రపోతున్నాడు. లేపబోతే అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "దారంతా ఏడ్చాడు. పడుకోనివ్వు."

బుధవారం పొద్దున అమ్మమ్మను గేటు దగ్గరే ఆపేశారు. పిల్లవాణ్ని మర్జినా ఎత్తుకుంది. వాడు ఆమె ముఖం చూశాడు, గేటు వైపు చూశాడు, ఏడుపు అందుకున్నాడు. ఏడుస్తున్న నోట్లో కింద రెండు పళ్లు కనిపించాయి. పళ్లు వచ్చినట్టు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"రోజూ ఎత్తుకుంటున్నట్టు ఎత్తుకోవే," అంది రోక్సానా పళ్లు బిగించి. "అద్దెకు తెచ్చినట్టున్నావు."

పదకొండింటికి తనిఖీ ఆవిడ వచ్చింది. ఢాకా మనిషి. గదంతా చూసి, ఉయ్యాలలు లెక్కపెట్టి, రోక్సానాను బయట ఉండమంది. తర్వాత మర్జినా ఎదురుగా చిన్న స్టూలు మీద కూర్చుంది.

"నీ బాబేనా?"

"నా బాబే మేడమ్."

"నీ దగ్గరే ఏడుస్తున్నాడేం?"

"పళ్లొస్తున్నాయి."

"రోజూ ఇక్కడే ఉంటాడా?"

తలుపు అవతల చెప్పుల చప్పుడు ఆగింది.

"రోజూ ఇక్కడే."

"పాలెప్పుడిస్తావు?"

"పదకొండింటికోసారి, మూడింటికోసారి. మిషను ఆపి వస్తాను. ఎవరూ ఏమీ అనరు."

ఆమెకు పాలు ఎండిపోయి ఆరు నెలలైంది.

"ప్రసవానికి సెలవు ఇచ్చారా?"

"నాలుగు నెలలిచ్చారు. జీతం కూడా."

అది మాత్రం నిజం. ఆవిడ అన్నీ రాసుకుంది. లేచి, "పాలిచ్చే వేళే కదా, కానివ్వు," అని తెర లాగి వెళ్లింది.

తెర వెనక మర్జినా పిల్లవాణ్ని భుజాన వేసుకుని అటూ ఇటూ నడిచింది. వాడు ఏడ్చి ఏడ్చి అలిసి, ఆమె మెడ మీద ముఖం పెట్టి నిద్రపోయాడు. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. తనిఖీ ఆవిడ ఇంకా పై అంతస్తులోనే ఉంది కాబట్టి, మిషను దగ్గరికి రమ్మని ఎవరూ పిలవలేదు. అలా నలభై నిమిషాలు గడిచాయి.

గురువారం పొద్దున బస్సు కదిలేటప్పుడు సజీబ్ అమ్మమ్మ ఒళ్లో నవ్వుతున్నాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టి ఊపించింది. మర్జినా అక్కణ్నుంచి నేరుగా పనిలోకి వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి దిగుతుంటే పిల్లల గది ముందు రోక్సానా ఎదురైంది. తాళం చెవి సంచిలో వేసుకుంటోంది.

"బాగా చెప్పావు. ఒక్క మాట తడబడలేదు. మళ్లీ వస్తే ముందు నిన్నే పిలుస్తాను."

"పిలవండి ఆపా."

మర్జినా గేటు దాటి, రోడ్డవతల టీకొట్టు వెనక్కి వెళ్లింది. అన్నం డబ్బా చంకలో పెట్టుకుని ఫోను తీసింది. నంబరు ఆమెకు నోటికే వచ్చు. అవతల, బట్టలు కొనే కంపెనీ వాళ్ల ఢాకా ఆఫీసులో ఒక ఆడగొంతు పలికింది. పేరు చెప్పనక్కర్లేదని, ఫిర్యాదు ఏమిటో చెబితే చాలని అంది.

"పిల్లల గదికి మళ్లీ తాళం వేశారు," అంది మర్జినా. "ఈసారి ఐదు నెలలు ఆగకండి మేడమ్. పోయినసారి నేను ఫోన్ చేశాక మీరొచ్చేసరికి నా కొడుకు నన్ను మరిచిపోయాడు."